ఆరోగ్య భయం: కాఫీ, సంగటి, మాత్రల లెక్క

గుండె రెండుసార్లు దడదడమంటే చాలు, గుండెపోటేమోనని రాత్రంతా ఫోన్‌లో వెతుకుతారు కొందరు. ఈసీజీ బాగానే ఉందని వాల్మీకిపురంలో డాక్టరు చెప్పిన మాట వారం కూడా నిలవదు. మదనపల్లెలో ఇంకోసారి తీయిస్తారు, తర్వాత తిరుపతి. రిపోర్టులన్నీ బాగున్నా భయం తగ్గదు. దీన్నే ఆరోగ్య ఆందోళన అంటారు.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. భయం, దిగులు వంటి మామూలు సమస్యలున్నవాళ్లలో నూటికి 85 మందికి చికిత్సే అందడం లేదు. వాళ్లలో చాలామందికి దొరికే మొదటి డాక్టరు మెడికల్ షాపు, లేదంటే యూట్యూబ్. అక్కడ వినిపించే సలహా ఒక్కటే: ఈ తిండి తినండి, ఈ మాత్ర వేసుకోండి. అందులో నిజమెంతో లెక్క చూద్దాం.

ముందుగా, మానేస్తే మేలు చేసేదాని సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 ఉంటుంది. రోజుకు 300 దాటకూడదు. పొద్దున రెండు కాఫీలు, పగలు నాలుగు టీలు తాగితే 400 దగ్గరికి చేరినట్టే. ఊళ్లో చిన్న కప్పులే కదా అనుకుంటాం గానీ, ఎన్ని కప్పులయ్యాయో లెక్కపెట్టేదెవరు? ఉన్నట్టుండి తీవ్రమైన భయం ముంచెత్తే పానిక్ డిజార్డర్ ఉన్నవాళ్లకు 400 నుంచి 750 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూసిన 9 పరిశోధనలను 2022లో కలిపి లెక్కగట్టారు. సగం మందికి అప్పటికప్పుడే పానిక్ దాడి వచ్చింది. కెఫీన్ లేని ఉత్త మందు తీసుకున్నవాళ్లలో ఒక్కరికీ రాలేదు.

తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటి టీ రాత్రి పదింటికీ సగం మిగిలే ఉంటుంది. అలాగని ఒక్కరోజులో మానేయకండి. రెండు మూడు రోజులు తలనొప్పి పట్టుకుంటుంది. ఈ భయం ఉన్నవాళ్లు దాన్ని మెదడులో గడ్డ అనుకుంటారు! మూడు నాలుగు రోజులకొక కప్పు చొప్పున తగ్గించుకుంటే సరిపోతుంది.

రెండోది, ఒకసారి పరీక్షించి చూడాల్సిన రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. రక్తం తక్కువైతే గుండె దడ, మెట్లెక్కితే ఆయాసం రావడం సహజం. బి12 తగ్గితే కాళ్లు తిమ్మిర్లు, థైరాయిడ్ ఎక్కువైతే చేతుల వణుకు. కాబట్టి హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ ఒకసారి చూపించుకోవడంలో తప్పులేదు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ మాత్రం వేరే కథ. ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది ఇమిడేలా చాలా పరీక్షలకు నార్మల్ హద్దులు గీస్తారు. అంటే ఏ జబ్బూ లేకున్నా నూటికి ఐదుగురి రిపోర్టు హద్దు దాటుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే కనీసం ఒక్కటైనా హద్దు దాటి బోల్డ్ అక్షరాల్లో వచ్చే అవకాశం 64 శాతం. ఆ ఒక్క అంకె పట్టుకుని నెల రోజులు నిద్ర పోగొట్టుకునేవాళ్లున్నారు.

ఇక తిండి. ఆందోళన తగ్గిస్తుందని అమ్మే మెగ్నీషియం సంగతే చూద్దాం. పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 146 మిల్లీగ్రాముల మెగ్నీషియం, తెల్ల బియ్యంలో 20 కూడా లేదు. చెనిక్కాయల్లో 197. మధ్యాహ్నం వేడి సంగటి ముద్ద నడుమ గుంత చేసి నెయ్యి వేసుకుని, పక్కన చెనిక్కాయల చట్నీ పెట్టుకుంటారే, అందులో 100 గ్రాముల రాగిపిండి, 30 గ్రాముల చెనిక్కాయలు ఉన్నాయనుకుంటే 205 మిల్లీగ్రాములు అందినట్టు. ఆడవాళ్లకు రోజుకు కావలసిన 370లో సగానికి పైనే. దీనికి మాత్రల సీసా కొనక్కర్లేదు. బి12 మాత్రం ఏ ధాన్యంలోనూ దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసమే దిక్కు. అన్నం తిన్న గంటలోపు కాఫీ, టీ తాగితే తిండిలోని ఇనుము సరిగా పట్టదన్నదీ గుర్తుంచుకోవాలి.

మాత్రల దగ్గరే అసలు పేచీ. మెగ్నీషియం ఆందోళన తగ్గిస్తుందా అని 18 పరిశోధనలను 2017లో పరిశీలించారు. కొంత మేలు ఉండొచ్చన్నారు గానీ, ఆ పరిశోధనల నాణ్యతే తక్కువన్నారు. ఒమేగా-3 పరిస్థితి కొంచెం నయం. 2018లో 19 పరిశోధనలు, 2,240 మంది లెక్క తీస్తే కొద్దిపాటి మేలు కనబడింది, అదీ రోజుకు కనీసం 2 గ్రాములు తీసుకున్నవాళ్లలో. 1000 మిల్లీగ్రాములని రాసి ఉండే మామూలు చేపనూనె గుళికలో అసలు ఒమేగా-3 సుమారు 300. రెండు గ్రాములకు ఏడు గుళికలు మింగాలి!

జుట్టు రాలకుండా వాడే బయోటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర మన ఒంటికి రోజూ కావలసినదానికి 250 రెట్లు. అది కొన్ని ల్యాబ్ పరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది. థైరాయిడ్ బాగానే ఉన్నా ఎక్కువున్నట్టు చూపగలదు. గుండెపోటును పట్టే ట్రోపోనిన్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపగలదు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. బి6 మోతాదు మించి నెలల తరబడి వాడితే తిమ్మిర్లొస్తాయి. తిమ్మిర్లు తగ్గాలనే కదా చాలామంది ఆ మాత్ర కొనేది! ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో దాని గరిష్ఠ హద్దును రోజుకు 12 మిల్లీగ్రాములకు తగ్గించింది. విటమిన్ డి 60,000 యూనిట్ల గుళిక వంద రోజుల అవసరం. వారానికొకటని డాక్టరు రాస్తే రోజుకొకటి వేసుకున్నవాళ్లకు రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీ దెబ్బ. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. భయం పోవాలని మింగినవే కొత్త లక్షణాలు, కొత్త రిపోర్టులు తెచ్చిపెడుతున్నాయి.

తిండి పాత్ర ఎంతో తెలియాలంటే మదనపల్లె పక్క ఆరోగ్యవరం చరిత్ర చూడాలి. 1910ల్లో మొదలైన ఆ శానిటోరియంలో క్షయకు మందులు రాకముందు విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన భోజనమే వైద్యం. మందులొచ్చాక మద్రాసులో 1956లో ఒక పరీక్ష మొదలుపెట్టారు. కొందరిని అక్కడి శానిటోరియంలో ఉంచి, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి ఏడాదిపాటు అవే మందులిచ్చారు. ఇంట్లోవాళ్లకు తిండి చాలా తక్కువ. అయినా దాదాపు అంతేమంది కోలుకున్నారని 1959లో తేలింది. తిండి బలాన్నిస్తుంది, జబ్బుకు దాని మందు దానిదే.

ఆరోగ్య ఆందోళనకు ఆ మందు మాటలతో చేసే చికిత్స, సీబీటీ. ఇంగ్లండులో 444 మందిపై జరిగి 2014లో ప్రచురితమైన పరీక్షలో 5 నుంచి 10 సిటింగులతోనే తేడా కనబడింది, రెండేళ్ల తర్వాతా నిలిచింది. అవసరమైతే సైకియాట్రిస్టు మందులూ ఇస్తారు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఒక పక్క చేయి పడిపోవడం లాంటివొస్తే మాత్రం అది భయమేలే అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు వాడే ప్రతి మాత్రా, జుట్టు కోసం వేసుకునేదైనా సరే, డాక్టరుకు చెప్పండి. బయోటిన్ వాడుతుంటే డాక్టరునడిగి థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. వాల్మీకిపురం నుంచైనా, కుప్పం నుంచైనా కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరు కొట్టొచ్చు. ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.