సాక్షికి కూలి ఎవ్వలియ్యాలె?

అమెరికా సినిమాలల్ల మీరు చూసే ఉంటరు. కోర్టు హాలుల ఒక పక్కకు పన్నెండు మంది కూసుంటరు. వాళ్లు జడ్జీలు గాదు, వకీళ్లు గాదు. ఒకాయన బస్సు డ్రైవరు, ఒకామె టీచరు, ఇంకొకాయన దుకాణం నడిపేటాయన. ముద్దాయి నేరం చేసిండా లేదా అని తేల్చేది వాళ్లే. దాన్నే జ్యూరీ అంటరు. మన ఊర్లకెళ్లి పోయి అక్కడ సిటిజన్లయినోళ్లకు గూడ ఈ జ్యూరీ పిలుపు ఇంటికొస్తది. పోవాలె, తప్పదు. పని బందు పెట్టి దినమంత కూసోవాలె. అక్కడి ఫెడరల్ కోర్టుల అయితే రోజుకు 50 డాలర్లు ఇస్తరు. ఫెడరల్ జ్యూరీకి పోయిండని నౌకర్లకెళ్లి తీసేస్తే అది చట్టానికి ఖిలాఫ్. అయినా జ్యూరీ డ్యూటీ అంటే అక్కడోళ్లు గునుస్తనే ఉంటరు.

మన దేశంల గూడ ఒకప్పుడు జ్యూరీ ఉండె, ఇంగ్లీషోళ్లు తెచ్చింది. 1959ల బొంబాయిల నానావతి అనే నేవీ ఆఫీసరు కేసుల జ్యూరీ 8-1తోటి నిర్దోషి అన్నది. జడ్జి దానికి ఒప్పుకోక హైకోర్టుకు పంపిండు. హైకోర్టు శిక్ష ఏసింది, 1961ల సుప్రీంకోర్టు గూడ దాన్నే ఖాయం జేసింది. ఆ ఒక్క కేసుతోటే జ్యూరీ పోయిందని మస్తు మంది చెప్తరు. గాని అంతకు ముందే, 1958ల, లా కమిషన్ తన 14వ నివేదికల జ్యూరీని తీసెయ్యమన్నది. 1973ల వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తోటి క్రిమినల్ కేసులల్ల జ్యూరీ ముచ్చట ఒడిసిపోయింది.

మరి ఇయ్యాల మన దగ్గర మామూలు మనిషిని కోర్టు ఎప్పుడు పిలుస్తది? సాక్షిగ. కండ్లతోటి చూసినోడు, చెవులతోటి విన్నోడు, పంచనామా కాయితం మీద సంతకం పెట్టినోడు. అమెరికాల జ్యూరీ లేకుంటే కేసు ఎట్ల నడువదో, మన దగ్గర సాక్షి లేకుంటే అట్ల నడువది. ఫరక్ ఏందంటే, అక్కడ పిలిచినోళ్లు ఎంతో కొంత చేతుల పెడ్తరు. మన దగ్గర పిలిచినోళ్లు, వచ్చినోడు బువ్వ తిన్నడా లేదా అని గూడ అడుగరు.

ఇది నేను పుస్తకం చదివి చెప్తలేను. పదేండ్ల కింద మా పక్కూర్ల ఒక కూలీని కొట్టిన కేసుల నేను సాక్షిని. నాతోటి ఇంకో సాక్షి ఉండె, పత్తి ఏరే ఒక అక్క. సంఘటన అయిన రెండేండ్లకు సమన్లు వచ్చినయి. మొదటిసారి పోతే జడ్జి సారు సెలవు. రెండోసారి వకీళ్లు విధులు బహిష్కరించిన్రు. మూడోసారి ముద్దాయే రాలే. నాలుగోసారి పొద్దటి సంది చెట్టు కింద కూసున్నంక, సాయంత్రం నాలుగింటికి వాయిదా అన్నరు. అది పత్తి ఏరే కాలం. ఆమెకు పోయిన ప్రతిసారి ఒక దినం కూలి పోయింది, బస్సు కిరాయి పోయింది. పైంగ ఊర్ల పెద్దమనుషులు "ఎందుకమ్మా నీకీ లొల్లి" అనుడు. ఐదోసారి బోనుల నిలవడి "నాకు యాదికి లేదు సారూ" అన్నది. ఎదురు తిరిగిన సాక్షి అని రాసుకున్నరు. కేసు కొట్టేసిన్రు.

ఆమె అబద్ధం చెప్పిందని నేననను. ఆమెకు యాదికి ఉండే తాకతు లేకుంట చేసిన్రు. "సాక్షులు అమ్ముడు పోతరు" అని టీవీలల్ల అంటరు గదా, ఎంత మంది అమ్ముడు పోయిన్రో, ఎంత మంది అలిసిపోయిన్రో ఎవ్వలు లెక్క పెట్టిన్రు? 2000 సంవత్సరంల స్వరణ్ సింగ్ కేసుల సుప్రీంకోర్టే ఈ మాట చెప్పింది. సాక్షి సొంత ఖర్చుతోటి వస్తడు, కూసోనీకి జాగ ఉండది, తాగనీకి నీళ్లుండయి, కావాలని వాయిదాలు ఏపిచ్చి సతాయిస్తరు, అందుకే మంచోళ్లు సాక్షిగ రాడానికి జంకుతున్నరు అని బాధ పడ్డది. కోర్టు బాధ పడి పాతికేండ్లయింది.

ఇగ చట్టంల ఏమున్నదో చూద్దం. 2024 జులై 1 సంది పాత కోడ్ జాగల భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారినయి గాని సాక్షి సంగతుల మూలం ఇంచుమించు పాతదే. తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇవి ఫోన్ల రాసుకోండ్రి.

ఒకటి, పోలీసోళ్లు పిలిస్తే. దర్యాప్తుల సాక్షిని పిలువాల్నంటే రాతపూర్వకంగ ఆర్డర్ ఇయ్యాలె, 179 సెక్షన్. ఆడోళ్లను, 15 ఏండ్లలోపు పోరగాండ్లను, 60 దాటిన పెద్దోళ్లను, వికలాంగులను, పెద్ద రోగంల ఉన్నోళ్లను స్టేషన్‌కు రమ్మనొద్దు. వాళ్లుండే కాడికే పోయి అడగాలె. ఇంకో సంగతి, దర్యాప్తుల పోలీసులు రాసుకున్న సాక్షి వాంగ్మూలం మీద సాక్షితోటి సంతకం పెట్టియ్యొద్దని 181 సెక్షన్ చెప్తది. పంచనామా ముచ్చట వేరు, దాని మీద సంతకం ఉంటది. పెట్టే ముందు మొత్తం చదువుకోవాలె. రానోళ్లు ఎవ్వలితోటన్న చదివిచ్చుకోవాలె. ఉత్త కాయితం మీద మాత్రం ఎన్నడు పెట్టొద్దు.

రెండు, కోర్టు సమన్లు. కోర్టు ముద్ర ఉంటది. పోలీసు తెచ్చి ఇయ్యొచ్చు, రిజిస్టరు పోస్టుల రావచ్చు, ఇప్పుడు ఎలక్ట్రానిక్‌గ గూడ పంపొచ్చు. అందినంక సరైన కారణం లేకుంట పోకుంటే వారంటు రావచ్చు, జుర్మానా పడొచ్చు, కేసు గూడ కావచ్చు. పాణం బాగలేకనో, ఇంట్ల సావయ్యో పోలేకపోతే, ఆ సంగతి ముందే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కో కోర్టు కానిస్టేబుల్‌కో చెప్పాలె. ఆధారం కాయితం దగ్గర ఉంచుకోవాలె.

మూడు, వాయిదా. సాక్షులు వచ్చి కూసున్నప్పుడు వాళ్లను విచారించకుంట వాయిదా ఏయొద్దని 346 సెక్షన్‌ల ఉన్నది. తప్పనిసరైతే ఖాస్ కారణం రాతల పెట్టాలె. నా వకీలు వేరే కోర్టుల ఉన్నడు అనేది కారణం గాదు. వాయిదా అడిగినోళ్ల మీద ఖర్చులు గూడ ఏయొచ్చు. కాయితం మీద ఇంత మంచిగున్నది.

నాలుగు, అసలు ముచ్చట, బత్తా. సాక్షికి అయిన ఖర్చు సర్కారు తరఫున ఇప్పియ్యొచ్చని 350 సెక్షన్‌ల ఉన్నది. ఇప్పియ్య"చ్చు" అన్నరు గాని ఇప్పియ్యాలె అనలే. రేటు రాష్ట్రాల రూల్స్ మీద ఉంటది. మనోళ్లల్ల మస్తు మందికి బత్తా అనేదొకటి ఉన్నదనే తెల్వది, అడిగేటోడు లేక ఇచ్చేటోడు లేడు. బోనుల నిలవడ్డప్పుడు గాని, బయటికొచ్చినంక పీపీ సారుతోటి గాని "సార్, నా బత్తా" అని అడుగుండ్రి. టికెట్లు పారెయ్యకుండ్రి. వచ్చినట్టు కోర్టుకెళ్లి హాజరు కాయితం తీసుకోండ్రి, కంపెనీల పనిచేసేటోళ్లకు, కాలేజీకి పోయేటోళ్లకు అది పనికొస్తది.

గాని ఒక చట్టం కింద మాత్రం ఈ "చ్చు" లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995ల వచ్చిన రూల్స్‌ల 11వ రూల్ చదువుండ్రి. బాధితులకు, సాక్షులకు రానుపోను కిరాయి ఇయ్యాలె. వ్యవసాయ కూలీకి సర్కారు పెట్టిన కనీస కూలికి తక్కువ గాకుంట రోజు భత్యం ఇయ్యాలె. ఆడోళ్లు, 60 దాటినోళ్లు, 40 శాతం వికలాంగులు ఎంబడి ఒక మనిషిని తెచ్చుకుంటే వాళ్లకు గూడ ఇయ్యాలె. అప్పటికప్పుడు ఇయ్యాలె, ఎంత ఆలస్యమైనా మూడు రోజులు దాటొద్దు. అంటే ఎట్ల ఇయ్యాల్నో సర్కారుకు తెల్వక కాదు. ఒక చట్టంల రాసినప్పుడు అన్ని కేసుల సాక్షులకు ఎందుకు రాయరాదు?

ఐదు, బెదిరింపు. 2018 డిసెంబర్‌ల మహేందర్ చావ్లా కేసుల సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఖాయం జేసింది. పెద్ద నేరాల కేసులల్ల, ఆడోళ్ల మీద జరిగే కొన్ని నేరాలల్ల, సాక్షికి పాణభయం ఉంటే జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టొచ్చు. దానికి జిల్లా జడ్జి పెద్ద. పోలీసులు ఐదు పని దినాలల్ల రిపోర్టు ఇయ్యాలె. ఎట్ల రాయాల్నో తెల్వకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండ్రి, లేకుంటే 15100కు ఫోన్ కొట్టుండ్రి.

కొందరంటరు, సాక్ష్యం చెప్పుడు పౌరుని బాధ్యత, దానికి పైసలెందుకు అని. బాధ్యతే, నేను కాదంటలేను. గాని ఆ కోర్టుల జడ్జికి జీతం ఉన్నది, పీపీకి జీతం ఉన్నది, కానిస్టేబుల్‌కు జీతం ఉన్నది, ముద్దాయి వకీలుకు ఫీజు ఉన్నది. ఆ హాలుల ఉత్త చేతులతోటి నిలవడేది సాక్షి ఒక్కడే. బాధ్యత అందరిది అయినప్పుడు నష్టం ఒక్క కూలి మనిషిదే ఎట్లయితది? పైసలున్నోడికి వాయిదా అంటే ఇంకో తారీఖు. లేనోడికి వాయిదా అంటే ఒక పూట పొయ్యి అంటుకోకపోవుడు. అందుకే పైసలున్న ముద్దాయికి సాక్షిని కొనే అవసరం గూడ లేదు, సాగదీస్తే చాలు.

మనం అడగాల్సినవి మూడే. వచ్చిన రోజే బత్తా చేతుల పెట్టాలె, అది కనీస కూలికి తగ్గొద్దు. ప్రతి కోర్టుల సాక్షులకు కూసునే జాగ, నీళ్లు, ఆడోళ్లకు పాయిఖానా ఉండాలె. ఆ రోజు కేసు నడువదని ముందే తెలిస్తే సాక్షి ఫోన్‌కు ఒక మెసేజ్ పెట్టాలె. ఎలక్ట్రానిక్ సమన్లు పంపనీకి ఫోన్ నంబర్ పనికొస్తె, రావద్దని చెప్పనీకి ఎందుకు పనికి రాదు?

అప్పటిదాక మీ ఊర్ల ఎవ్వలికన్న సమన్లు వస్తే, ఒక్కళ్లను పంపకుండ్రి. చదువుకున్నోళ్లు ఒకరు ఎంబడి పోండ్రి. కాయితం చదివి చెప్పుండ్రి, బత్తా అడిగిపియ్యుండ్రి, సల్లపూట పక్కన కూసోండ్రి. సాక్షి పక్కకు ఒక మనిషి ఉంటే, మల్ల వాయిదాకు గూడ ఆ సాక్షి వస్తడు.