జ్వరాల గుంపులో డెంగీని పట్టే లెక్క

వానాకాలంలో ఇబ్రహీంపట్నంలో ఎవరు జ్వరంతో మంచం పట్టినా ఇంట్లోవాళ్ల మొదటి ప్రశ్న ఒకటే: ‘డెంగీ కాదు గదా?’ తొలి రెండు మూడు రోజుల్లో డాక్టరుకైనా జవాబు చెప్పడం కష్టమే. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ అన్నీ జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులతోనే మొదలవుతాయి. ఒక్క లక్షణం చూసి తేడా పట్టలేం. ఏవేవి కలిసి వస్తున్నాయి, ఎన్నో రోజున వస్తున్నాయి అన్నదే కీలకం. ఆ కలయికలను వేల రికార్డుల్లోంచి ఏరిపెట్టడమే మెషీన్ లెర్నింగ్ చేసే పని.

సింగపూర్, వియత్నాంలలో జ్వరం మొదలైన 72 గంటల్లోపు వచ్చిన 1,200 మందిపై చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. ఉష్ణోగ్రత, ప్లేట్‌లెట్లు, తెల్ల రక్తకణాలు వంటి వివరాలతోపాటు ల్యాబ్ పరీక్ష తేల్చిన ఫలితాన్నీ కంప్యూటర్‌కు ఇచ్చారు. వాటినుంచి అది ఒక ప్రశ్నల చెట్టు కట్టింది. ప్లేట్‌లెట్లు ఫలానా సంఖ్యకు తక్కువా? అయితే తెల్లకణాలు ఎన్ని? ఇలా కొమ్మ వెంట కొమ్మ పోతే చివర ‘డెంగీ’ అనో ‘కాదు’ అనో తేలుతుంది. ఏ ప్రశ్న ముందడగాలో, ఏ సంఖ్య దగ్గర గీత గీయాలో లెక్కే నిర్ణయించింది.

మొత్తం మీద నూటికి 84 సార్లు అది సరిగా చెప్పింది. డెంగీ ఉన్నవాళ్ల వరకే చూస్తే నూటికి 71 మందినే పట్టింది, 29 మంది తప్పిపోయారు. డెంగీ లేనివాళ్లే ఎక్కువమంది ఉండటంతో మొత్తం మార్కులు ఘనంగా కనిపించాయి.

కొత్త జబ్బుల ఆనవాళ్లూ ఇలాగే దొరుకుతాయి. 2020లో బ్రిటన్‌లో లక్షలాదిమంది యాప్‌లో నమోదు చేసిన లక్షణాలను విశ్లేషిస్తే, వాసన తెలియకపోవడం కోవిడ్‌కు బలమైన గుర్తని తేలింది.

యంత్రానికి లక్షణాల జాబితా ఒక్కటే చాలదు, అసలు జబ్బేమిటో పరీక్ష తేల్చి ఉండాలి. 2022 జనవరిలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే చేసి, కోవిడ్ లక్షణాలున్నవారికి పరీక్ష కోసం ఆగకుండా మందుల కిట్లు ఇచ్చారు. అప్పటి అవసరానికి అది తగినదే. కానీ అలాంటి జాబితాతో నేర్పితే యంత్రం మన ఊహనే తిరిగి మనకు అప్పజెబుతుంది. సింగపూర్ చెట్టును తెచ్చి ఇక్కడ నాటినా లాభం లేదు, మన దగ్గర కలగలిసే జ్వరాలు వేరు.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేదు. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ డేటాతో ప్రాజెక్టు ముగించకుండా, అనుమతి తీసుకుని, పేర్లు తొలగించిన స్థానిక ఆసుపత్రి రికార్డులతో విద్యార్థులు పనిచేస్తే మన జ్వరాలకు పనికొచ్చే లెక్క తయారవుతుంది.

పాఠకులు చేయాల్సిందీ ఉంది. జ్వరం ఏ రోజున మొదలైందో రాసిపెట్టుకోండి. జ్వరం తగ్గుతున్న దశలో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం కనిపిస్తే ఏ యాప్ ఏం చెప్పినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.