పేరునకు వెల

బజారువీథిలోని కొట్టునకు బాడుగ హెచ్చు, సందులోని దానికి తక్కువ. ఇంటర్నెట్టునందును ఇట్టి వీథి కలదు. గూగుల్‌లో ‘ధర్మవరం పట్టుచీర’ యని వెదకినపుడు పైవరుసను ‘స్పాన్సర్డ్’ అను గుర్తుతో గానవచ్చు అంగళ్లు ఆ స్థానమునకు వెల యిచ్చినవి. వెల గట్టబడిన యట్టి మాటలనే కీవర్డు లందురు. 2000వ సంవత్సరమున గూగుల్ ఈ ప్రకటనల నారంభించెను.

ఇది వేలముపాట. మనము వెదకినంతనే రెప్పపాటులో పాట ముగియును. హెచ్చు పాడినంతమాత్రమున స్థానము దక్కదు. ప్రకటన వెదకువారికి ఎంత యుపయుక్తమో దానినిగూడ లెక్కింతురు. సాధారణముగా ప్రకటనను నొక్కినపుడే సొమ్ము తీసికొందురు. నొక్కినవారు చీర కొనినను కొనకున్నను ఆ సొమ్ము తిరిగి రాదు.

నేతవారి యిల్లాలొకతె ఫోనుమూలమున చీర లమ్ముచున్న దనుకొందము. నొక్కునకు 10 రూపాయల చొప్పున నూరింటికి 1000 రూపాయలు. నూర్గురిలో నొక్కరు కొని, చీరపై 800 రూపాయలు మిగిలినచో 200 నష్టము. ఇద్దరు కొనినచో 600 లాభము. కావున ఎందరు వచ్చిరో కాదు, ఎందరు కొనిరో వ్రాసికొనవలెను.

పేరుగల సంస్థలు తమ పేరునకే వెల యిచ్చుట మఱియొక చిత్రము. ఈబే అను అమెరికా సంస్థ 2012లో అట్టి ప్రకటనలను నిలిపి చూచెను. రావలసినవారు దాదాపు అందఱును క్రింది వరుసలోని ఉచితమార్గముననే వచ్చిరి. ఇతర మాటలపై నిచ్చిన ప్రకటనలు మాత్రము క్రొత్తవారిని కొంత రాబట్టెను. అనగా తెలిసిన పేరునకు ఖర్చు వ్యర్థము, తెలియని పేరునకు ప్రయోజనము.

అయినను ఎందు కిత్తురు? పోటీదారు తమ పేరును పాడునను భయముచేత. పరుల పేరును కీవర్డుగా వాడుట తనంతట నేరము కాదనియు, కొనువారిని భ్రమపెట్టినచో తప్పగుననియు 2023లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పెను.

ధర్మవరమువారి చిక్కు ఇంతకంటె పెద్దది. ఆ పేరు ఒక్క యంగడిది కాదు. వాన ముఖము చూపని యీ అనంతపురపు మెట్టసీమలో మగ్గమును నమ్ముకొన్న కుటుంబములన్నిటిదియు నది. ఆ చేనేతచీరలకు భౌగోళిక గుర్తింపును కలదు. కాని ఆ మాటను పాడుటకు మగ్గముండవలెనను నియమము లేదు. తరముల నేర్పుచే సంపాదించిన పేరును నేసినవారే మరల డబ్బిచ్చి కొనవలసి వచ్చుచున్నది.

కావున అమ్ముకొను సోదరి సంపన్నులతో పోటీపడి పెద్ద మాటను పాడరాదు. ‘పెండ్లికి ఎఱ్ఱంచు ధర్మవరం చీర’ వంటి విశేషమగు మాటను ఎన్నుకొని, దినమున కింతయని హద్దు పెట్టుకొనవలెను. ఒకమాఱు కొనినవారి నంబరును భద్రపఱచుకొనినచో, వారిని మరల పిలుచుటకు వేలముతో పనియుండదు. కొను సోదరి పైవరుసతో నాగక క్రిందికిని చూచి, చేనేతగుర్తును సిల్కుమార్కును అడిగి కొనవలెను. మనమిచ్చు ధర ప్రకటనకు గాక నేతకు చేరుట మన చేతిలోనే యున్నది.