సిలికానా? సిలికోనా? అబిడ్స్‌లో తేల్చుకుందాం!

ఇంటర్వ్యూలో ‘సిలికాన్‌కీ సిలికోన్‌కీ తేడా ఏంటి?’ అని అడిగితే ఏం చెబుతారు? ‘రెండూ ఒకటే కదా సార్‌’ అన్నారంటే ఆ ప్రశ్న పోయినట్టే. తప్పంతా మనదే అనలేం. బజార్లో రెండింటికీ ఒకటే పేరు మరి! ఫోన్‌ కవర్‌ సిలికానే, బాత్రూంలో వాడే గమ్‌ సిలికానే, ఫోన్‌లోని చిప్‌ కూడా సిలికానే. నిజానికి ఒకటి మూలకం, ఇంకోటి ఆ మూలకంతో తయారయ్యే పాలిమర్‌. ఈ తేడా పట్టుకుంటే ఒక ప్రశ్నకు జవాబు దొరకడమే కాదు, మీ బ్రాంచికి ఎక్కడెక్కడ పని ఉందో కూడా తెలుస్తుంది. దీనికి ల్యాబ్‌ అక్కర్లేదు. నాంపల్లి స్టేషన్‌లో దిగి, అబిడ్స్‌ మీదుగా ట్రూప్‌ బజార్‌ దాకా నడిస్తే చాలు.

రాయి నుంచి చిప్‌ దాకా

ముందు అబిడ్స్‌ జగదీశ్‌ మార్కెట్‌. రిపేర్‌ కౌంటర్‌ మీద విప్పి పెట్టిన ఫోన్‌ బోర్డు చూడండి. అందులోని ప్రాసెసర్‌, మెమరీ చిప్‌ల లోపల ఉన్నది సిలికాన్‌. భూమి పైపొరలో బరువు ప్రకారం చూస్తే ఆక్సిజన్‌ తర్వాత ఎక్కువగా ఉన్నది ఇదే, దాదాపు 28 శాతం. అయితే విడిగా దొరకదు. ఆక్సిజన్‌తో కలిసి ఇసుకగా, పలుగురాయిగా ఉంటుంది. దీన్ని 1824లో వేరుచేసిన ఘనత స్వీడన్‌ శాస్త్రవేత్త బెర్జీలియస్‌ది.

పలుగురాయిని బొగ్గుతో కలిపి ఆర్క్‌ ఫర్నేస్‌లో దాదాపు 2000 డిగ్రీల వేడిలో కరిగిస్తే 98-99 శాతం శుద్ధమైన సిలికాన్‌ వస్తుంది. ఇక్కడి నుంచి దారులు చీలతాయి. కొంత అల్యూమినియం మిశ్రమలోహాల్లోకి, కొంత సిలికోన్ల తయారీకి, కొంత సోలార్‌ సెల్స్‌, చిప్స్‌కి వెళ్తుంది. చిప్‌కి వాడాలంటే ఆ శుద్ధత ఏమాత్రం సరిపోదు. దాన్ని వాయువుగా మార్చి, స్వేదనం చేసి, మళ్లీ ఘనపదార్థంగా చేస్తారు. అప్పుడు శుద్ధత 99.9999999 శాతానికి చేరుతుంది. దాన్ని 1414 డిగ్రీల దగ్గర కరిగించి, ఒకే స్ఫటికంగా పైకి లాగి, పల్చటి బిళ్లలుగా కోస్తారు. అవే వేఫర్లు.

ఇంత కష్టం సిలికాన్‌ కోసమే ఎందుకు? తొలి ట్రాన్సిస్టర్లు జెర్మేనియంతోనే చేశారు. దాని బ్యాండ్‌గ్యాప్‌ 0.67 ఎలక్ట్రాన్‌ వోల్టులే. కాస్త వేడెక్కితే కరెంటు లీకవుతుంది. సిలికాన్‌కి అది 1.12. పైగా సిలికాన్‌ మీద తన ఆక్సైడే గట్టి ఇన్సులేటర్‌ పొరగా ఏర్పడుతుంది. చిప్‌ల తయారీలో ఈ పొర ఎంతో కీలకం. ‘సిలికానే ఎందుకు?’ అనే ప్రశ్నకు ఈ రెండు కారణాలూ చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

ట్రూప్‌ బజార్‌లో దొరికే ట్యూబు

అబిడ్స్‌ నుంచి కోఠి వైపు వెళ్తే ట్రూప్‌ బజార్‌. శానిటరీ, హార్డ్‌వేర్‌ షాపుల్లో ‘సిలికాన్‌ ట్యూబ్‌ ఇవ్వన్నా’ అంటే ఇచ్చేది సిలికోన్‌ సీలెంట్‌. ఇందులో సిలికాన్‌, ఆక్సిజన్‌ పరమాణువులు ఒకదాని తర్వాత ఒకటిగా గొలుసు కడతాయి. పక్కల మిథైల్‌ గుంపులు వేలాడుతుంటాయి. మామూలు ప్లాస్టిక్‌లో కార్బన్‌-కార్బన్‌ బంధం శక్తి మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్లయితే, సిలికాన్‌-ఆక్సిజన్‌ బంధానిది 450 దాకా ఉంటుంది. అందుకే వేడినీ ఎండనూ తట్టుకుంటుంది. గొలుసు సులువుగా వంగుతుంది కాబట్టి గడ్డకట్టే చలిలోనూ సాగుతుంది. మిథైల్‌ గుంపుల వల్ల నీరు అంటదు. సిలికోన్‌ రబ్బరు సాధారణంగా మైనస్‌ 50 నుంచి 200 డిగ్రీల దాకా పనిచేస్తుంది. చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్‌ వేసుకున్న పైబూట్ల అడుగుభాగం కూడా సిలికోన్‌ రబ్బరే!

వీటి మీద తొలి పరిశోధనలు ఇంగ్లండ్‌ రసాయన శాస్త్రవేత్త కిపింగ్‌వి. భారీగా తయారుచేసే దారి 1940లో అమెరికాలో యూజీన్‌ రోకో కనిపెట్టాడు. జర్మనీలో రిచర్డ్‌ ముల్లర్‌ కూడా విడిగా అదే కనుక్కున్నాడు. సిలికాన్‌ పొడిని, మిథైల్‌ క్లోరైడ్‌ను రాగి ఉత్ప్రేరకంతో సుమారు 300 డిగ్రీల దగ్గర కలపడమే ఆ పద్ధతి. ఇప్పటికీ పరిశ్రమ దీని మీదే నడుస్తోంది.

ట్యూబులో రెండు రకాలుంటాయి. ఒకటి పూసిన వెంటనే వెనిగర్‌ వాసన కొడుతుంది. గాలిలోని తేమతో గట్టిపడుతూ ఎసిటిక్‌ ఆమ్లాన్ని వదలడమే దానికి కారణం. గాజుకు బాగా పనికొస్తుంది. కానీ ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది కాబట్టి సర్క్యూట్‌ బోర్డుల మీద వాడకూడదు. అక్కడ ‘న్యూట్రల్‌ క్యూర్‌’ రకం వాడాలి. ప్రొడక్షన్‌ లైన్‌లో ఇంజినీర్‌కి తెలియాల్సింది ఇలాంటి సంగతులే.

ఫోన్‌ కవర్‌ సంగతేంటి?

జగదీశ్‌ మార్కెట్‌లో ‘సిలికాన్‌ కవర్‌’ పేరుతో అమ్మే పారదర్శక కవర్లలో చాలావరకు టీపీయూ, అంటే ఒక రకం పాలీయూరథేన్‌. వాడగా వాడగా పసుపు రంగుకు తిరిగేది అదే. టీపీయూ థర్మోప్లాస్టిక్‌, కరిగించి మళ్లీ పోతపోయొచ్చు. సిలికోన్‌ రబ్బరు ఒకసారి గట్టిపడితే కరగదు. కాల్చితే తెల్లటి సిలికా బూడిద మిగులుతుంది. పేరు చూసి కాదు, గుణం చూసి పదార్థాన్ని గుర్తుపట్టాలని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

మూడో చుట్టం కూడా ఉంది, సిలికాన్‌ కార్బైడ్‌. ఒకప్పుడు ఎక్కువగా సానరాళ్లలో వాడేవారు. దీని బ్యాండ్‌గ్యాప్‌ సిలికాన్‌కి దాదాపు మూడు రెట్లు కావడంతో ఇప్పుడు ఎలక్ట్రిక్‌ వాహనాల ఇన్వర్టర్లలోకి వచ్చేసింది. మన బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రంలో ఈ రకం సిరామిక్స్‌ మీద పని జరుగుతోంది.

మీ బ్రాంచికి ఏ దారి?

ఈసీఈ, ఈఈఈ: హైదరాబాద్‌లో చిప్‌ కొలువులు ఎక్కువగా డిజైన్‌, వెరిఫికేషన్‌లోనే. తయారీ అంటే గుజరాత్‌ లాంటి చోట్లకు వెళ్లడానికి సిద్ధపడాలి. రూ.76 వేల కోట్లతో కేంద్రం 2021 డిసెంబర్‌లో ఆమోదించిన సెమీకండక్టర్‌ పథకం తర్వాత ఆ ప్లాంట్లు మొదలయ్యాయి. పవర్‌ ఎలక్ట్రానిక్స్‌ ఇష్టమైతే సిలికాన్‌ కార్బైడ్‌ డివైజ్‌ల మీద దృష్టి పెట్టండి.

కెమికల్‌, మెటలర్జీ, మెకానికల్‌: నగర శివార్లలో ప్రీమియర్‌ ఎనర్జీస్‌ లాంటి సంస్థలు సోలార్‌ సెల్స్‌ తయారుచేస్తున్నాయి. ప్రాసెస్‌, క్వాలిటీ, మెయింటెనెన్స్‌ విభాగాల్లో మీకు చోటుంటుంది. పైచదువులకైతే గేట్‌ ‘ఎక్స్‌ఈ’ పేపర్లో మెటీరియల్స్‌ సైన్స్‌, పాలిమర్‌ సైన్స్‌ సెక్షన్లున్నాయి.

బీఎస్సీ కెమిస్ట్రీ, పదో తరగతి తర్వాత డిప్లొమా కోరుకునేవాళ్లు: చర్లపల్లి సీపెట్‌ కోర్సులు చూడండి. మోల్డింగ్‌, టెస్టింగ్‌ పనులు చేతికొస్తాయి.

కొన్ని వందల్లో ప్రాజెక్టు

ట్రూప్‌ బజార్‌లో వెనిగర్‌ వాసన వచ్చే ట్యూబొకటి, న్యూట్రల్‌ ట్యూబొకటి కొనండి. రెండు రాగి రేకులను గరుకు కాగితంతో రుద్ది, ఒక్కోదాని మీద ఒక్కోటి పూయండి. గాలి ఆడే చోట పెట్టి, రోజూ ఫొటో తీయండి. ఎన్ని మిల్లీమీటర్ల లోతు గట్టిపడింది, గదిలో తేమ ఎంత, రాగి రంగు ఎప్పుడు మారింది... అన్నీ రాసుకోండి. నెల తర్వాత రెండింటినీ పీకి పోల్చండి. తయారీదారు ఇచ్చే టెక్నికల్‌ డేటా షీట్‌లోని అంకెలతో సరిచూడండి. రెజ్యూమెలో ‘మెటీరియల్స్‌ అంటే ఆసక్తి’ అని రాసేవాళ్లు బోలెడుమంది. సొంతంగా తీసిన కొలతల పట్టిక చేతిలో ఉంటే ‘ఎందుకలా జరిగింది?’ అనే తర్వాతి ప్రశ్నకు కూడా తడుముకోకుండా జవాబు చెప్పగలరు.