పని అందుట వేరు, పూర్తియగుట వేరు

ఒకరు చేయవలసిన పనిలో కొంత భాగాన్ని మరొకరికి అప్పగించుట మానవ సమాజానికి ఆది నుండియు అలవాటే. నేడు కంప్యూటరు ప్రోగ్రాములు సైతం ఒకదానికొకటి పనులు అప్పగించుకొనుచున్నవి. ఇందుకు విరివిగా వాడబడుతున్న నియమావళి హెచ్‌టీటీపీ. జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయంలో 1990 ప్రాంతంలో టిమ్ బెర్నర్స్-లీ దీనిని పత్రాలను తెప్పించుకొని చదువుటకై రూపొందించినారు. కాలక్రమాన అదే మార్గం పనులను మోయుటకును పనికివచ్చినది.

మన మౌలాలి రైల్వే యార్డును తలచుకొందాము. గూడ్సు బండి యార్డుకు చేరినంత మాత్రాన సరుకు గమ్యం చేరినట్లు కాదు. వ్యాగన్లను విడదీయవలెను, గమ్యాన్నిబట్టి కూర్చవలెను, పిమ్మట పంపవలెను. హెచ్‌టీటీపీలోనూ ఈ భేదం ఉన్నది. పంపిన పని వెంటనే సఫలమైనచో 200 అను సంఖ్య జవాబుగా వచ్చును. పని దీర్ఘమైనచో 202 వచ్చును. "స్వీకరించినాము" అని మాత్రమే దాని అర్థం. పూర్తి చేయుదుమన్న హామీ అందులో లేదు. ఫలితాన్ని తరువాత విచారించి తెలుసుకొనవలెను, లేదా స్వీకరించినవారే తెలియజేయవలెను. 2016లో ప్రారంభమైన యూపీఐలో బ్యాంకుల నడుమ సందేశాలు ఈ పద్ధతిలోనే నడుచును: ముందుగా అందినట్లు రసీదు, పిదప ఫలితం వేరొక సందేశంగా.

అసలు చిక్కు జవాబు దారిలో పోయినపుడు వచ్చును. పోయినది మన కోరికయా, వారి జవాబా అన్నది పంపినవారికి తెలియదు. పరీక్ష రుసుము కట్టుచున్న విద్యార్థి మరల మీట నొక్కినచో సొమ్ము రెండుసార్లు పోవచ్చును. పేదయింటి బిడ్డకు అది చిన్న నష్టం కాదు.

దీనికి ఉపాయం యార్డులోనే ఉన్నది. ప్రతి వ్యాగనుపైన పదకొండు అంకెల సంఖ్య ఉండును. ఒకే సంఖ్య రెండుమార్లు వినిపించినను వ్యాగను ఒక్కటేనని గుమాస్తా గ్రహించును. అట్లే ప్రతి పనికి ఒక ప్రత్యేక సంఖ్య నిచ్చినచో, అదే సంఖ్యతో మరల వచ్చిన కోరికను స్వీకర్త తిరిగి చేయక, పాత జవాబునే ఇచ్చును. ఈ జాగ్రత్త ప్రోగ్రాము వ్రాయువారే తీసుకొనవలెను. పనులు పంపుటకు సాధారణంగా వాడు పోస్ట్ పద్ధతి దానంతట అది ఈ రక్షణ నివ్వదు.

కావున విద్యార్థులు జవాబు రానపుడు తొందరపడక, ముందుగా ఖాతాను సరిచూచుకొనవలెను. కళాశాలకు రుసుము వసూలు చేయు ప్రోగ్రాము కొనునపుడు కమిటీవారు రెండు ప్రశ్నలు అడుగవలెను: అందిన పనికి, పూర్తియైన పనికి వేర్వేరు రసీదులున్నవా? ఒకే కోరిక రెండుసార్లు వచ్చినచో ఏమగును? వీటికి స్పష్టమైన సమాధానం లభించినప్పుడే ఆ యంత్రాన్ని నమ్మవచ్చునని మేము భావించుచున్నాము.