స్క్రిప్టు ఎర్రరు - రిజిస్ట్రీ దిద్దుబాటు

హైదరాబాదు పాతబస్తీ పౌరులకు కంప్యూటరు ద్వారా ప్రభుత్వ సేవలు క్రొత్త కావు. జంటనగరములలో 1999లో ట్విన్స్, 2001లో ఈ-సేవ, ఉమ్మడి రాష్ట్రమున 2011లో మీసేవ ఆరంభమైనవి. 2020 ఏప్రిల్ 24న వచ్చిన ఈ-గ్రామస్వరాజ్‌లో పంచాయతీల జమాఖర్చులును నమోదగుచున్నవి. కావున తెరపై స్క్రిప్టు ఎర్రరు కనిపించినచో చార్మినారు చెంతనైనను, గ్రామముననైనను పని నిలిచిపోవును.

స్క్రిప్టు అనగా పుటతోపాటు వచ్చి బ్రౌజరుచే అమలు జరుపబడు ఆజ్ఞల వరుస. ఖాళీ గడిని ఎత్తిచూపుట, మొత్తములు కూడుట దాని పనులు. రిజిస్ట్రీ అనగా విండోస్ తన అమరికలను వ్రాసియుంచుకొను దఫ్తరము. ఇది 1992లో విండోస్ 3.1తో వచ్చినది. పహాణీలో ఒక్క అంకె తప్పిన రైతు పడు పాట్లు మీ రెరుగుదురు. రిజిస్ట్రీలో తప్పు పడినను అట్టి చిక్కే కలుగును.

మరి రిజిస్ట్రీని దిద్దిన ఎర్రరు పోవునా? పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో రిజిస్ట్రీ విలువలు మార్చి ఎర్రరు సూచనను రాకుండ చేయవచ్చును. కాని గంట నాలుక కట్టినంత మాత్రమున మంట ఆరదు. సూచన దాగును, దోషము మిగులును. వృద్ధుని పింఛను దరఖాస్తు చేరినట్లే తోచి చేరకపోవచ్చును. జావాస్క్రిప్టును నడుపు ఫైలు నమోదు చెడినప్పుడు మాత్రము దానిని తిరిగి నమోదు చేయుట నిజమైన చికిత్స. ఆ బ్రౌజరును 2022 జూన్ 15న మైక్రోసాఫ్టు విరమించినది. పాత పుటలకై ఎడ్జ్ బ్రౌజరులో దాని విధానము నిలుపబడినది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్సులు తమ స్క్రిప్టు యంత్రమును తామే తెచ్చుకొనును గనుక వాటి స్క్రిప్టు ఎర్రరులకు రిజిస్ట్రీ సాధారణముగా మందు కాదు.

ఆచరింపదగిన క్రమ మిది:

1. పుటను మరల తెరువవలెను.
2. బ్రౌజరు నిలువచేసిన పాత ఫైళ్లను తొలగించి, బ్రౌజరును నవీకరింపవలెను.
3. వేరొక బ్రౌజరులోను, వేరొక కంప్యూటరులోను చూడవలెను. అన్నిట నదే ఎర్రరైనచో దోషము చాలవరకు పుటదే. తేదీ, వేళ, సూచన వ్రాసికొని ఆ శాఖకు తెలుపవలెను.
4. ఒక్క కంప్యూటరుననే దోషమున్నచో నిపుణుని పిలువవలెను. అతడు రిజిస్ట్రీని ముట్టుటకు ముందు ఎక్స్‌పోర్టు ద్వారా నకలు తీసి భద్రపరుపవలెను.

రిజిస్ట్రీని శుభ్రపరతుమను ప్రోగ్రాములను మైక్రోసాఫ్టు సమర్థింపదు. ఫోనులో కంప్యూటరును తమ చేతికిమ్మను అపరిచితులను నమ్మరాదు.

సభ్యులారా! నకలు తీసితివా, రసీదు సంఖ్య వచ్చినదా అని ఆపరేటరును అడుగుడు. ఆ రెండు ప్రశ్నలే పంచాయతీ లెక్కలను, పేదవాని దరఖాస్తును కాపాడగలవు.