నెక్స్ట్.జేఎస్ 15కి అప్‌గ్రేడ్ చేశా.. ఎర్రర్ ఒక్కటీ లేదు, గదులు మాత్రం మాయం!

“ఏరా, ఇక్కడ గదులు ఖాళీగా ఉంటే సైట్‌లో ‘గదులు లేవు’ అని వస్తోందంట!” 2024 నవంబర్ 14 సాయంత్రం బాబాయి ఫోన్. బాపట్ల జిల్లా రామాపురం బీచ్ దగ్గర ఆయనకు అద్దె గదులున్నాయి. తెల్లారితే కార్తీక పౌర్ణమి, సముద్ర స్నానాలకు జనం వచ్చే రోజు. ఆ సైట్ చేసింది నేనే.

వారం ముందే నెక్స్ట్.జేఎస్ 14 నుంచి, అక్టోబర్‌లో వచ్చిన 15కి మారాను. కోడ్‌మాడ్ రన్ చేస్తే చాలా మార్పులు అదే చేసేసింది. బిల్డ్ పాస్. మరి ఏమైంది?

గదుల లిస్ట్, ధరలు ఒక ఏపీఐ నుంచి వస్తాయి. యూఆర్‌ఎల్‌లో తేదీ ఉంటుంది కాబట్టి పేజీ ప్రతిసారీ సర్వర్‌లోనే తయారవుతుంది. వెర్షన్ 14లో ఫెచ్ డేటా డిఫాల్ట్‌గా కాష్‌లో ఉండిపోయేది. 15లో ఆ డిఫాల్ట్ తీసేశారు. అంటే ఎవరు పేజీ తెరిచినా ఏపీఐకి కొత్త రిక్వెస్ట్ వెళ్తుంది. పండగ రద్దీకి నా ఫ్రీ ప్లాన్ లిమిట్ సాయంత్రానికే అయిపోయింది.

ఇంకోటి కూడా మారింది. 14లో డైనమిక్ పేజీలను బ్రౌజర్ 30 సెకన్లు గుర్తుపెట్టుకునేది, 15లో అది 0. లింక్ నొక్కిన ప్రతిసారీ డేటా మళ్లీ రావాల్సిందే. సిగ్నల్ సరిగా లేని ఫోన్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇవన్నీ అప్‌గ్రేడ్ గైడ్‌లో రాసే ఉన్నాయి. నేనే చదవలేదు. పైగా ఏపీఐ ఫెయిలైతే ఖాళీ లిస్ట్ ఇచ్చేలా కోడ్ రాసిందీ నేనే. అందుకే ఎర్రర్ బదులు ‘గదులు లేవు’ అని అబద్ధం చెప్పింది.

ఆ రాత్రే ఏపీఐ కీ మార్చి, ఫెచ్‌కి రీవాలిడేట్ 3600 పెట్టాను. ఇక గంటకోసారి అడిగితే చాలు, రోజుకు 24 రిక్వెస్టులు దాటవు. ఏపీఐ పడిపోతే ఇప్పుడు బాబాయి ఫోన్ నంబర్ కనిపిస్తుంది.

మీరూ మేజర్ వెర్షన్ మారుస్తుంటే, కాన్ఫిగ్‌లో లాగింగ్ కింద ఫెచెస్ ఆన్ చేయండి. ప్రతి ఫెచ్ కాష్ నుంచి వచ్చిందో లేదో డెవ్ మోడ్‌లోనే టెర్మినల్ చూపిస్తుంది. ముఖ్యమైన ఫెచ్‌లకు కాష్ సెట్టింగ్ మీరే రాసుకోండి. డిఫాల్ట్ ఎప్పుడైనా మారొచ్చు, మీరు రాసింది మాత్రం కోడ్‌లో కళ్లముందే ఉంటుంది.